నల్లమల నీడల్లో నీలి ఈగపట్టు పిట్టను గుర్తుపట్టడం ఎలా

నల్లమలలో ఏ ఒర్రెలోకైనా దిగి, చెట్ల నీడ చిక్కబడిన చోట కాసేపు కదలకుండా నిలబడితే, సన్నని లోహపు తీగను గోటితో మీటినట్టు ఒక చిన్న పాట వినిపిస్తుంది. ఆ పాట తరచుగా ఆరేడు స్వరాలకు మించదు. ముందు కాస్త కిందికి దిగి, ఆ వెంటనే పైకి లేచి, అక్కడే తెగిపోతుంది. కొన్ని క్షణాలు గడిచాక అదే పాట అదే వైపు నుంచి మళ్ళీ వస్తుంది, కానీ పాడుతున్న పిట్ట మాత్రం కంటికి ఆనదు. ఇంగ్లీషులో దీనిని టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ అంటారు. శాస్త్రీయ నామం సయోర్నిస్ టికెలియే. జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ 1843లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ, సైనికాధికారి, పక్షి పరిశీలకుడు అయిన శామ్యూల్ టికెల్ పేరు పెట్టాడు. ఎగిరే చిన్న పురుగులను పట్టి తినే నీలి పిట్ట కనుక ఈ వ్యాసంలో దీనిని నీలి ఈగపట్టు పిట్ట అని పిలుస్తాను.

ఇది వలస వచ్చి పోయే పిట్ట కాదు. ఏడాది పొడవునా మన అడవిలోనే ఉంటుంది, అరుదైనదీ కాదు. అయినా మన్ననూరు, ఫర్హాబాద్ వైపు పదిసార్లు వెళ్ళివచ్చిన వారిలో కూడా దీనిని చూడనివారు చాలామంది కనిపిస్తారు. కారణం వెతికే క్రమంలోనే ఉందని నా అభిప్రాయం. పక్షిని గుర్తుపట్టడం అనగానే మనం రంగుతో మొదలుపెడతాం. ఈ పిట్ట విషయంలో ఆ క్రమాన్ని తలకిందులు చేయాలి. ముందు చోటును, తరువాత పాటను, ఆ తరువాత కూర్చునే తీరును గమనించి, రంగును చిట్టచివరికి ఉంచుకోవాలి. ఎందుకంటే పిట్టల ఈకల్లోని నీలం, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల పుట్టే రంగు. ఆకుల గుండా వడకట్టుకొని వచ్చే మసక వెలుగులో అది బూడిదగానో నల్లగానో కనిపిస్తుంది. నీలి పిట్ట కోసం వెతికేవాడికి నీలం కనపడకపోతే, ఎదురుగా ఉన్న పిట్టను కూడా దాటి పోతాడు.

మొదటి మెట్టు: చోటు

మన దక్షిణ తెలంగాణ అడవి చాలావరకు ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, తునికి, బిల్లు, ఇప్ప వంటి చెట్లు మాఘ, ఫాల్గుణాల నాటికి ఆకు విడిచి నిలబడతాయి. అప్పుడు ఎత్తయిన చోటు నుంచి చూస్తే గోధుమరంగు కొండల మధ్య సన్నని పచ్చని గీతలు కనిపిస్తాయి. అవి వాగుల, ఒర్రెల అంచులు. ఏరుమద్ది, నేరేడు, మేడి, జువ్వి వంటి తడి కోరే చెట్లు, వాటి కింద వెదురు పొదలు, పైనుంచి వేలాడే తీగలు ఆ గీతల వెంట మాత్రమే పచ్చగా మిగులుతాయి. నీలి ఈగపట్టు పిట్ట చిరునామా ఆ పచ్చని గీతే. నీడ, తడి, వాటివల్ల పుట్టే చిన్న ఎగిరే పురుగులు, ఈ మూడూ కలిసిన చోటును అది వెతుక్కుంటుంది. వానకాలం తరువాత అడవి అంతా పచ్చగా ఉన్నప్పుడు అది ఎక్కడైనా ఉండవచ్చు కనుక వెతకడం కష్టం. ఎండాకాలంలో దాని ప్రపంచం ఆ గీతల మేరకు కుంచించుకుపోతుంది కనుక, వెతికేవాడికి మాఘం చివరి నుంచి వైశాఖం దాకా ఉన్న కాలమే అనువైనది. పైగా ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు గూడు కట్టే కాలం కాబట్టి, దానికి ముందునుంచే పాట కూడా పెరుగుతుంది.

బయలుదేరడానికి ముందే ఇంట్లో కూర్చొని చేయగల పని ఒకటి ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రాన్ని తెరిచి, మీరు వెళ్ళబోయే దారి చుట్టుపక్కల పచ్చని గీతలు ఎక్కడెక్కడ దారిని దాటుతున్నాయో గుర్తుపెట్టుకోండి. రోడ్డు వాగును దాటే ప్రతి కల్వర్టూ ఆగి వినదగిన చోటే.

అనువైన ప్రాంతాలలో మొదట చెప్పుకోవలసినది అచ్చంపేట దగ్గర రంగాపూర్ పైనున్న ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరుపడిన ఈ క్షేత్రం కొండచరియ కింద ఉంది. రాతిలోంచి ఊరే నీరు, చరియను అంటిపెట్టుకొని పెరిగిన చెట్లు, మధ్యాహ్నం కూడా తగ్గని చల్లదనం ఈ పిట్టకు సరిపోయే లక్షణాలు. గుడికి వెళ్ళే దారిలోనే వినవచ్చు కాబట్టి, అడవిలోకి లోతుగా వెళ్ళలేని పెద్దవారికీ పిల్లలకూ ఇదే మంచి చోటు. కోతుల గోల భరించాలి, అంతే. పండుగ రోజుల్లో మాత్రం వెళ్ళకండి, మైకుల ముందు ఏ పిట్ట పాటా ఆగదు.

రెండవది వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం. మెట్లు దిగుతూ పోయేకొద్దీ వేడి తగ్గి తేమ పెరగడం ఒంటికి తెలుస్తుంది. ఆ మార్పు తెలిసిన మెట్టు దగ్గరే ఆగి వినండి. జలపాతం అడుగుకు చేరితే నీటి చప్పుడులో ఇంత సన్నని పాట మునిగిపోతుంది. జనం అంతా కిందికి పరుగెత్తేటప్పుడు సగం దారిలో ఆగినవారికే ఇక్కడ పిట్ట దొరుకుతుంది.

మన్ననూరు నుంచి ఫర్హాబాద్ మీదుగా దోమలపెంట వరకు ఉన్న శ్రీశైలం రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931–32లో నాటి హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఈ కొండలనూ చూశారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ దారిలో వాహనాలను వదలరు. అందువల్ల తెల్లవారుజామున లోపల ఉండాలనుకునేవారు ముందురోజే మన్ననూరులో బస చేయడం మంచిది. రహదారి విడిచి అడవిలోకి నడవడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అది నియమం కోసమే కాదు. మీరు నిలబడబోయే నీడ, తడి ఉన్న ఒర్రెలోనే ఎండాకాలం ఎలుగుబంటి కూడా నీటికి వస్తుంది. అనుమతితో పాటు దారి తెలిసిన చెంచు తోడు దొరికితే అదృష్టం. వారికి ఏ లొద్దిలో ఏ నెల దాకా చెలమ ఎండదో తెలుసు, ఈ పిట్టను వెతకడంలో సగం పని అదే.

నల్లగొండ వైపు, అంటే దేవరకొండ, చందంపేట, నాగార్జునసాగర్ చుట్టుపక్కల, కొండలు ఎక్కువగా ముళ్ళపొదలతో నిండి ఉంటాయి. పొదల్లో వెతకవద్దు. అక్కడ మీకు కనిపించేది మామూలు నల్లంచి, అంటే ఇండియన్ రాబిన్. కృష్ణానది వైపు దిగే లోతైన ఒర్రెలు పట్టుకొని, చెట్టు కొమ్మలు తలపైన కలుసుకునే చోటు దాకా వెళ్ళాలి.

రెండవ మెట్టు: వినడం

ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు ఒక మంచి సమయం. రెండవది సాయంత్రం చివరి గంట. ఈ పిట్టకు ఒక అలవాటుంది, మిగిలిన పిట్టలు చాలావరకు సద్దుమణిగాక కూడా, మునిమాపు వేళ దాకా ఇది చురుకుగా ఉంటుంది. అడవిలో చీకటి పడేదాకా ఉండడం కుదరదు కనుక సాయంత్రపు వినికిడికి ఉమామహేశ్వరం దారి, మన్ననూరు ఊరి అంచులు సరిపోతాయి.

చోటు ఎంచుకున్నాక కనీసం ఇరవై నిమిషాలు నిలబడండి, లేదా రాయి మీద కూర్చోండి. కూర్చునే ముందు రాయి చుట్టూ, గడ్డిలో, చూసుకోండి, ఇంటికి చేరాక ప్యాంటు మడతల్లో పిడుదులు వెతుక్కోవడం కంటే అది నయం. మొదటి ఐదు నిమిషాలు మీ రాకతో బెదిరిన పిట్టలు మౌనంగా ఉంటాయి. తరువాత పికిలిపిట్టలు మొదలుపెడతాయి, ఆ వెనుక మిగిలినవి. పికిలిపిట్టల కలకలం వెనుక, పలుచగా, ఎత్తైన స్థాయిలో, లోహపు గీరుడు వంటి చిన్న పాట కోసం చెవిపెట్టండి.

దానికి దగ్గరగా వినిపించి మోసపుచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది తెల్ల కనుబొమల విసనకర్ర పిట్ట. ఇంగ్లీషులో వైట్‌బ్రౌడ్ ఫ్యాన్‌టెయిల్ అంటారు. దాని పాట కూడా చిన్నదే, తీయనిదే, మెట్లు ఎక్కి దిగినట్టు ఉంటుంది. కానీ అది మనిషి ఈల వేసినట్టు గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. ఈగపట్టు పిట్ట పాటలో ఆ గుండ్రదనం ఉండదు, స్వరాలు ఒకదానినొకటి తోసుకుంటూ కాస్త కరకుగా జారతాయి. రెండవది పెద్ద నల్లంచి, అంటే మాగ్‌పై రాబిన్. అది పాడటం మొదలుపెడితే నిమిషాల తరబడి వరుసలు మారుస్తూనే ఉంటుంది. మన పిట్ట ఒకే ముక్కను కొద్దిపాటి తేడాలతో తిప్పి తిప్పి పాడుతుంది, అప్పుడప్పుడు తొమ్మిది పది స్వరాల దాకా సాగదీస్తుంది. పాట మధ్యలో, లేదా పురుగుల వేటలో ఉన్నప్పుడు, టిక్ టిక్ అని పొడి పిలుపు కూడా ఇస్తుంది. ఆ పిలుపును ఒక్కసారి పాటతో కలిపి వింటే, ఆపై పాట లేకున్నా పిట్టను పట్టుకోగలరు.

మెర్లిన్ వంటి పక్షి కూతల యాప్ మీ ఫోన్‌లో ఉంటే వాడండి, కానీ దాని మాటను సాక్ష్యంగా కాక సూచనగానే తీసుకోండి. నీటి చప్పుడు, ఇలకోళ్ళ రొద ఉన్న లొద్దిలో అది పొరబడుతుంది. యాప్ పేరు చెప్పిన తరువాత చేయవలసిన పని ఆ పిట్టను చూడటమే.

మూడవ మెట్టు: చూపుకు చిక్కించుకోవడం

సన్నని, ఎత్తైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెప్పడం చెవికి కష్టం. రెండు అరచేతులను చెవుల వెనుక దొప్పల్లా పెట్టుకొని, తలను నెమ్మదిగా తిప్పుతూ శబ్దం ఎక్కడ బలంగా వస్తున్నదో చూసి, ఆ దిశలో ఒక గుర్తు చెట్టును అనుకోండి. తరువాత పది పదిహేను అడుగులు పక్కకు జరిగి మళ్ళీ అదే చేయండి. రెండు గీతలు కలిసే చోటు వైపు చూడాలి. చూసేటప్పుడు తల పైకెత్తకండి, అందరూ చేసే తప్పు అది. ఈ పిట్ట చెట్టు కొనల్లో కూర్చోదు. ఎక్కువగా మన మోకాలి ఎత్తు నుంచి రెండు నిలువుల ఎత్తు లోపల, ఆకులు లేని అడ్డ పుల్ల మీదో, వేలాడే తీగ మీదో, వెదురు కణుపు మీదో నిటారుగా కూర్చుంటుంది. పిచ్చుక కంటే కాస్త చిన్నది, సన్నది. కూర్చున్న చోటు నుంచి గాలిలోకి చివుక్కున ఎగిరి, పురుగును అందుకొని, దగ్గరలోని మరో పుల్ల మీదికో అదే పుల్ల మీదికో వస్తుంది. ఒక్కోసారి నేల మీదికి వాలి ఏదో ఏరుకొని పైకి లేస్తుంది. నీడలో ఆకారం కనపడకపోయినా ఆ చిన్న కదలిక కనిపిస్తుంది, కాబట్టి పిట్ట కోసం కాక కదలిక కోసం చూడండి.

బైనాక్యులర్ కొనదలచినవారికి ఒక మాట. దుకాణంలో 10x25 రాసి ఉన్న చిన్నది చవకగా, ముచ్చటగా కనిపిస్తుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండవది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే మీ కంటికి చేరే వెలుగు వలయపు వెడల్పు వస్తుంది. 10x25లో అది 2.5 మిల్లీమీటర్లు. 8x42లో 5.25. పట్టపగలు చెరువు మీది పిట్టకు ఈ తేడా తెలియదు. ఒర్రె నీడలో, తొలివేళ, అదే తేడా నీలానికీ నలుపుకూ మధ్య తేడా అవుతుంది.

నాల్గవ మెట్టు: రంగును వరుసగా చదవడం

పిట్ట బైనాక్యులర్‌లోకి వచ్చాక వీపు వైపు చూడకండి. గొంతు నుంచి మొదలుపెట్టి కిందికి చదవండి. మగ పిట్టకు గొంతు, రొమ్ము కలిసి నారింజ రంగులో ఉంటాయి, పొట్ట తెల్లగా ఉంటుంది. గడ్డం కింది నుంచే నారింజ మొదలు కావడం అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. ఆ తరువాత ముఖం. ముక్కుకూ కంటికీ మధ్య భాగం ముదురుగా, దాదాపు నల్లగా ఉంటుంది. నుదుటి మీద, కంటిపైన కొద్దిమేర, మెరిసే లేత నీలం ఉంటుంది. పిట్ట ఒక ఎండ చుక్కలోకి తల తిప్పినప్పుడు ముందు వెలిగేది ఆ నుదురే. చివరగా వీపు, రెక్కలు, తోక ముదురు నీలంగా ఉంటాయి.

ఆడ పిట్టకు ఇదే పటం, కానీ నీళ్ళు కలిపినట్టు. పైన బూడిద కలిసిన నీలం, కింద లేత నారింజ, ముఖంలో నలుపు ఉండదు, ముక్కు దగ్గర లేతగా ఉంటుంది. మగదీ ఆడదీ తరచుగా ఒకే ఒర్రెలో కనిపిస్తాయి. కనుక ఒకటి దొరికాక రెండవదాని కోసం ఆగితే గుర్తింపు గట్టిపడుతుంది.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పడం అవసరం. మల్లెలతీర్థం మెట్ల దగ్గర చూసిన పిట్టకు గొంతు నల్లగా కనిపించిందని, నోట్‌బుక్‌లో బ్లూ త్రోటెడ్ ఫ్లైక్యాచర్ అని రాసుకొని, వలస పిట్ట దొరికిందని సంబరపడ్డాను. మరుసటి ఉదయం అదే చోట, అదే పుల్ల మీద, ఎండ పడ్డాక చూస్తే గొంతు నారింజ. తల వంచుకొని కూర్చున్న పిట్టకు ముక్కు నీడ గొంతు మీద పడిందన్నమాట. అప్పటి నుంచి పిట్ట తల ఎత్తి పాడేదాకా గొంతు రంగు రాయడం లేదు. పాడేటప్పుడు గొంతు వెలుగుకు విప్పుకుంటుంది.

అయిదవ మెట్టు: పోలికలను కొట్టివేయడం

నేను పొరబడిన ఆ బ్లూ త్రోటెడ్ ఫ్లైక్యాచర్ నిజంగానే చలికాలంలో దక్షిణాదికి దిగే పిట్ట. మగదాని గొంతు నీలంగా ఉండి, నారింజ రొమ్ము దగ్గర మొదలవుతుంది. ఏప్రిల్ తరువాత, గూటి కాలంలో, ఇక్కడ పాడుతున్నది అది అయ్యే అవకాశం దాదాపు లేదు.

అదే చలికాలంలో వచ్చే వెర్డిటర్ ఫ్లైక్యాచర్ ఒళ్ళంతా మైలతుత్తం రంగు. నారింజ ఎక్కడా ఉండదు, పైగా బయటికి కనిపించే ఎత్తు కొమ్మలు దానికి ఇష్టం. నల్ల మెడ నీలి పిట్ట, అంటే బ్లాక్ నేప్డ్ మొనార్క్, మాత్రం మన పిట్ట ఉండే నీడలోనే ఉంటుంది కాబట్టి దానిని జాగ్రత్తగా చూడాలి. మగదానికి తల వెనుక నల్లని మచ్చ, గొంతు కింద సన్నని నల్ల గీత ఉంటాయి. రొమ్ము నీలం, పొట్ట తెలుపు. దానికి నారింజ లేదన్న ఒక్క మాట చాలు.

నారింజ తల త్రష్ కూడా ఇవే ఒర్రెల్లో తిరుగుతుంది, కానీ అది గోరువంక అంతటి పిట్ట, ఎక్కువగా నేల మీద రాలిన ఆకులను తిరగేస్తూ ఉంటుంది. తెల్లని ముఖం మీద రెండు ముదురు నిలువు గీతలు ఉంటాయి.

ఇక అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు చిన్న లకుముకి పిట్టది. పైన నీలం, కింద నారింజ, వాగు మీది కొమ్మ, ఈ మూడూ దానికీ సరిపోతాయి మరి. కొత్తగా వచ్చిన మిత్రులు ఎంతో నమ్మకంగా చూపించిన ఈగపట్టు పిట్టల్లో నేను లెక్కపెట్టినంతవరకు సగం లకుముకులే. ముక్కు చూడండి. లకుముకి ముక్కు బాకు వలె పొడవు, తోక పొట్టి. మన పిట్టది పురుగులు పట్టే పొట్టి ముక్కు, తోక ఒంటికి తగ్గ పొడవు ఉంటుంది.

ఆరవ మెట్టు: రాసుకోవడం

పేరు రాసి వదిలేస్తే ఆ రాత ఎవరికీ ఉపయోగపడదు. తేదీ, సమయం, ఊరు పేరుతో పాటు నీరు ఉందా ఎండిందా, తలపైన ఏ చెట్టు ఉంది, పిట్ట ఎంత ఎత్తులో కూర్చుంది, పాడిందా, గొంతు రంగు ఎండలో చూశారా నీడలో చూశారా అన్నవి రాయండి. ఉదాహరణకు ఇలా: ‘మార్చి రెండవ వారం, ఉదయం 7.10, ఉమామహేశ్వరం మెట్ల పక్క, ఊట సన్నగా ఉంది, జువ్వి కింద తీగ మీద, నిలువెత్తున, మగది, నాలుగుసార్లు పాడింది, గొంతు నారింజ, ఎండలో.’ ఒకే ఒర్రెకు మాఘంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి వెళ్ళి ఇలా రాస్తే, నీరు వెనక్కి తగ్గుతున్నకొద్దీ పిట్ట ఏ చెట్టు నుంచి ఏ చెట్టుకు జరిగిందో మీకే తెలిసిపోతుంది. పక్షి పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాసేవారు కూడా వ్యాఖ్యల గడిలో ఈ వివరాలు చేర్చితే మంచిది.

గూటి కాలంలో ఒక జాగ్రత్త. గట్టు తొర్రలోనో, రాళ్ళ సందులోనో, చెట్టు తొర్రలోనో సన్నని గడ్డి, నారలు పరిచి మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. పిట్ట ముక్కున పురుగు పట్టుకొని, మింగకుండా, మీ చుట్టూ టిక్ టిక్ అంటూ పుల్ల మారుతున్నదంటే మీరు గూటికి అడ్డంగా నిలబడ్డారని అర్థం. వచ్చిన దారినే వెనక్కి జరగండి. ఈ నెలల్లో ఫోన్‌లో దాని పాటను వినిపించి రప్పించకండి. మరో మగది తన హద్దులోకి వచ్చిందనుకొని, పిల్లలకు మేత వదిలి, లేని శత్రువు కోసం ఒర్రె అంతా వెతుకుతుంది.

వానకాలంలో అభయారణ్యంలోకి సందర్శకులను రానివ్వరు కాబట్టి, తొలకరి నాటికి గూడు విడిచిన పిల్లలను చూడాలంటే ఉమామహేశ్వరం దారే దిక్కు. ఆ పిల్లలకు నీలమూ ఉండదు, నారింజా ఉండదు. ఒళ్ళంతా గోధుమరంగు మీద లేత చుక్కలు, రెక్కల్లోనూ తోకలోనూ మాత్రమే కాస్త నీలి ఛాయ. పుస్తకంలో బొమ్మ పెట్టుకొని చూసినా ఇతర ఈగపట్టు పిట్టల పిల్లలతో కలిసిపోతాయి. అప్పుడు పేరు తేల్చడానికి తొందరపడకుండా ఉన్నచోటే కూర్చోండి. పిల్ల ఆకలితో అరుస్తున్నంతసేపూ దానికి మేత రావలసిందే, తెచ్చే పిట్ట గొంతు ఏ రంగులో ఉందో చూసి అప్పుడు రాసుకోండి.